మారియో బావా సినిమాల్లో ఏది ముందు, ఏది వెనుక?

ఇటలీ భయానక చిత్రాల దర్శకుడు మారియో బావా సినిమాలకు వరుస కట్టినప్పుడల్లా 1960 నాటి ‘బ్లాక్ సండే’ను తెచ్చి మొదటి పీట మీద కూర్చోబెట్టడం విమర్శకులకు అలవాటుగా మారింది. ఆ గౌరవం దానికి ఊరికే రాలేదు. కానీ దర్శకుడిగా పూర్తిగా తన పేరు మీద వచ్చిన తొలి సినిమాయే అత్యుత్తమమని తేల్చేస్తే, ఆ తర్వాతి పదిహేడేళ్ల పనంతా మెట్లు దిగడమే అవుతుంది. జరిగింది అది కాదు. ‘బ్లాక్ సండే’ నలుపు తెలుపుల సినిమా. బావాకు తనదంటూ ఒక దారి వేసి ఇచ్చింది రంగు. అందుకే ఈ వరుసలో ‘బ్లాక్ సండే’ది నాలుగో స్థానం. మొదటి స్థానం 1966లో మధ్యలోనే డబ్బులు అయిపోయి, పనిచేసిన వాళ్లకు జీతాలు కూడా సరిగా అందని స్థితిలో పూర్తయిన ‘కిల్, బేబీ... కిల్!’ది.

కొలబద్ద ఏమిటో ముందే చెప్పుకోవాలి. కథను చూసి మార్కులు వేస్తే బావా సినిమాల్లో సగానికి పైగా తొలి వడపోతలోనే రాలిపోతాయి. సంభాషణలు చాలా చోట్ల పేలవంగా ఉంటాయి. నటనను తూచడమూ కష్టమే. ఆ కాలపు ఇటలీలో మాటలన్నీ చిత్రీకరణ ముగిశాక డబ్బింగ్‌లో చేర్చేవారు. ఒకే సన్నివేశంలో ఇద్దరు నటులు రెండు వేర్వేరు భాషల్లో మాట్లాడడం మామూలు విషయం. తెర మీద ముఖం ఒకరిది, గొంతు మరొకరిది. ఇక మిగిలేది వెలుగు. కాబట్టి ఇక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ సినిమాలోంచి వెలుగు పనితనాన్ని, రంగును తీసేస్తే ఏం మిగులుతుంది? ఏమీ మిగలకపోతే ఆ సినిమా పైకి వెళ్తుంది. అవి లేకపోయినా కథ తన కాళ్ల మీద తాను నిలబడగలిగితే కిందికి దిగుతుంది. వేరే దర్శకుల విషయంలో ఇది తలకిందుల న్యాయం. బావా విషయంలో మాత్రం ఇంతకంటే సరైన తూకం కనిపించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ ప్రతిని లెక్కలోకి తీసుకోవాలి? బావా సినిమాలు ఒక్కోటి మూడు నాలుగు పేర్లతో తిరిగాయి. అమెరికాలో పంపిణీ చేసిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థ వాటి సంగీతాన్ని మార్చింది, దృశ్యాలను కత్తిరించింది, ఒక సినిమాలోనైతే ఏకంగా కథల క్రమాన్నే తారుమారు చేసింది. ఇక్కడి అంచనాలన్నీ ఇటాలియన్ ప్రతుల మీద ఆధారపడినవి. అమెరికన్ ప్రతులు మాత్రమే చూసి బావాను తీసిపారేసిన విమర్శకుల తరం ఒకటి ఉంది. ఆ తప్పు పూర్తిగా వాళ్లదని చెప్పలేం.

బావా 1914లో సాన్ రేమోలో పుట్టారు. తండ్రి యూజెనియో బావా శిల్పి. మూకీల కాలంలోనే కెమెరా పనిలోకీ, ట్రిక్ ఫొటోగ్రఫీలోకీ వచ్చిన మనిషి. మైనం, ప్లాస్టర్, గాజు, అద్దం ఆ ఇంటి పనిముట్లు. దర్శకుడయ్యే నాటికి బావాకు నలభై అయిదేళ్లు నిండాయి. అప్పటికే రెండు దశాబ్దాలుగా ఇతరుల సినిమాలకు ఛాయాగ్రాహకుడిగా పనిచేశారు. 1957లో ‘ఇ వాంపిరి’ని దర్శకుడు రికార్డో ఫ్రెడా పూర్తి చేయకుండా వదిలి వెళ్లిపోతే, మిగిలిన భాగాన్ని బావాయే తీసి గట్టెక్కించారు. బావాను అర్థం చేసుకోవడానికి ఆ సినిమాలోని ఒక షాట్ చాలు. అందులో కథానాయిక కెమెరా ముందే, కోత లేకుండా, కొన్ని క్షణాల్లో ముసలిదైపోతుంది.

కిటుకు ఇది. ముఖం మీద ముడతలను ఎర్ర రంగు మేకప్‌తో గీస్తారు. ఆ ముఖం మీద ఎర్ర వెలుగు పడినంత సేపూ చర్మమూ గీతలూ దాదాపు ఒకే మోతాదులో మెరుస్తాయి కాబట్టి నలుపు తెలుపు ఫిల్ముకు తేడా తెలియదు. వెలుగును మెల్లగా ఆకుపచ్చకు మార్చారా, ఎర్ర గీతలు ఆ వెలుగును మింగేసి నల్లగా బయటపడతాయి. ఇది బావా కనిపెట్టిన విద్య కాదు. 1931లోనే హాలీవుడ్‌లో ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ కోసం వాడారు. కానీ దీని నుంచి బావా తీసుకున్న పాఠం వేరు. నటి ముఖంలో ఒక్క కండరం కూడా కదలలేదు, నటించింది దీపం.

రంగుల ఫిల్ములో ఈ కిటుకు చెల్లదు, ఎర్ర గీత ఎర్రగానే కనబడి దొంగతనం బయటపడుతుంది. ఆయన అందుకని దీపాలకు రంగు జెలటిన్ కాగితాలు తొడిగారు. మామూలుగా ఛాయాగ్రాహకుడు ప్రతి వెలుగుకూ ఒక కారణం చూపిస్తాడు: కిటికీ, లాంతరు, చంద్రుడు, పొయ్యి. బావా ఆ లెక్క చెప్పడం మానేశారు. గోడ మీద ఊదా, మెట్ల మీద ఆకుపచ్చ, ముఖానికి ఒక పక్క ఎరుపు. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయని సినిమాలో ఎవరూ అడగరు. 1961 నాటి ‘హెర్క్యులిస్ ఇన్ ది హాంటెడ్ వరల్డ్’లో కథానాయకుడు పాతాళానికి దిగుతాడు కనుక ఆ రంగులకు ఒక సాకైనా ఉంది. ఆ సినిమా సాధన లాంటిది. అసలు పని ఆ సాకు కూడా లేకుండా, మామూలు ఇంటి గదుల్లో మొదలైంది.

ఇప్పుడు మొదటి స్థానం గురించి. ‘కిల్, బేబీ... కిల్!’ కథ రెండు వాక్యాల్లో అయిపోతుంది. 1907లో, వరుసగా చావులు సంభవిస్తున్న ఒక ఊరికి శవపరీక్ష కోసం పాల్ ఎస్వాయ్ అనే డాక్టర్ వస్తాడు, శవం గుండెలో ఒక నాణెం దొరుకుతుంది. చేతిలో బంతితో ఒక పాప దెయ్యం కనిపించిందంటే చూసినవాళ్లకు చావు తప్పదన్నది ఆ ఊరి నమ్మకం. అంతే. డాక్టర్ పాత్రలో జాకొమో రోసి స్టూవార్ట్ కర్రలా బిగుసుకుని ఉంటాడు. ముగింపు హడావుడిగా చుట్టేసినట్టు ఉంటుంది. ఇన్ని లోపాలున్న సినిమాను అన్నింటికంటే పైన పెట్టడానికి కారణం, ఆ లోపాలను వెలుగు ఎంత పూర్తిగా కప్పేస్తుందో మరే సినిమాలోనూ ఇంత స్పష్టంగా కనబడకపోవడమే.

ఊరి దృశ్యాలు రోమ్‌కు దగ్గర్లోని కల్కాటా అనే పాత కొండ ఊళ్లో తీశారు. శిథిలమైన రాతి గోడలు, ఇరుకు సందులు, తోరణాలు. వాటిని వేరే దర్శకుడైతే నీడలతో నింపేవాడు. బావా ప్రతి సందు మలుపులో ఒక రంగు దాచారు. ఈ కొసన నీలం ఉంటే ఆ కొసన బంగారు వన్నె. మనిషి నాలుగడుగులు వేస్తే మూడు రంగులు మారతాడు. ఫలితం ఏమిటంటే చూసేవాళ్లకు దిక్కు తెలియదు. ఒకసారి చూసిన సందునే రెండోసారి వేరే రంగులో చూపిస్తే అది వేరే సందు అనుకుంటాం. చిన్న ఊరు చిక్కుముడిగా మారుతుంది, అదీ కొత్త గోడ ఒక్కటీ కట్టకుండా.

ఇందులో అందరూ చెప్పుకునే సన్నివేశం ఒకటుంది. ఆ ఊరి దొరసాని అయిన బారనెస్ భవనంలో డాక్టర్ ఎవరినో తరుముతూ ఒక గదిలోంచి తలుపు దాటి పరుగెడతాడు. తలుపు అవతల మళ్లీ అదే గది. మళ్లీ తలుపు, మళ్లీ అదే గది. ముందు పరుగెడుతున్న మనిషికీ తనకూ మధ్య దూరం క్రమంగా తగ్గుతుంది. చివరికి అందుకుని భుజం పట్టి తిప్పితే ఎదురుగా ఉన్నది తానే. దీనికి కావలసింది ఒక గది, ఒక నటుడు, అవే బట్టలు తొడుక్కున్న మరో మనిషి, కోత ఎక్కడ పడాలో తెలిసిన కన్ను. తర్కానికి అందని విషయాన్ని ఇంత తక్కువ సరంజామాతో చెప్పిన దృశ్యం భయానక చిత్రాల్లో అరుదు. దీన్ని కలగా చూపించి తప్పించుకునే అవకాశం ఉన్నా బావా ఆ పని చేయలేదు. డాక్టర్ మెలకువగానే ఉన్నాడు, గదే సరిగా లేదు.

పాప సంగతి మరీ విచిత్రం. మెలీసా గ్రాప్స్ అనే ఆ పాప వేషం వేసింది విగ్గు పెట్టుకున్న ఒక అబ్బాయి. ఆ ముఖంలో ఏదో తేడా ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది గానీ ఏమిటో పట్టుబడదు. శ్మశానంలో ఊయల ఊగే షాట్‌లో కెమెరానే ఊయల మీద కూర్చోబెట్టారు. ముందుకూ వెనక్కూ ఊగుతూ సమాధులను చూస్తున్న ఆ చూపు ఎవరిదో వెంటనే అర్థం కాదు. కెమెరా వెనక్కి వెళ్లినప్పుడు పాప ఫ్రేములోకి వస్తుంది. రెండేళ్ల తర్వాత, 1968లో, ‘స్పిరిట్స్ ఆఫ్ ది డెడ్’ కథల సంపుటిలోని తన భాగంలో ఫెడెరికో ఫెల్లినీ సైతానును బంతితో ఆడే తెల్ల దుస్తుల పాపగా చూపించారు. పోలిక కాకతాళీయమని నమ్మడం కష్టం.

రంగు తీసేసి ఈ సినిమాను ఊహించుకుంటే మిగిలేది ఒక పాత ఊరు, నలుగురు భయపడ్డ మనుషులు, ఒక బంతి. కొలబద్ద ప్రకారం ఇదే మొదటిది కావడంలో ఆశ్చర్యం లేదు.

రెండో స్థానం 1963 నాటి ‘బ్లాక్ సబాత్’ది. మూడు కథల సంపుటి. నిజానికి ఇందులోని మూడో కథ ‘ఎ డ్రాప్ ఆఫ్ వాటర్’ను విడిగా లెక్కపెడితే అదే మొదటి స్థానంలో ఉండాలి. చనిపోయిన ఒక మాంత్రికురాలి వేలి నుంచి నర్సు ఉంగరం దొంగిలిస్తుంది. ఇంటికి వచ్చాక నీటి చుక్కల చప్పుడు, ఈగ రొద. అరగంట కూడా పట్టని ఈ కథలో సంభాషణలు చాలా తక్కువ. నర్సు గది కిటికీలోంచి ఊదా, ఆకుపచ్చ వెలుగులు ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతుంటాయి, బయట ఏదో రంగుల బోర్డు ఉన్నట్టు. వీధుల్లో నియాన్ బోర్డులు లేని కాలం నాటి కథ అది. వెలుగుకు కారణం చూపడం మానేయడమంటే ఇదే. ఆ గదిలో దెయ్యం కనిపించక ముందే, గది గుండెలా కొట్టుకోవడం మొదలైపోతుంది. చివరికి కనిపించే శవం ముఖం యూజెనియో బావా చేసిన మైనపు బొమ్మ. కొడుకు వెలిగించిన దీపం, తండ్రి చెక్కిన ముఖం. ఆ ముఖం కదలదు, నవ్వును అలాగే పట్టుకుని గాల్లో జారుతూ వస్తుంది. బతికున్న నటి ముఖమైతే ఇంత భయపెట్టేది కాదు.

రెండో కథ ‘ది వుర్డులాక్’లో బోరిస్ కార్లాఫ్ తన కుటుంబం రక్తమే తాగే తండ్రిగా కనిపిస్తాడు. చనిపోయి పూడ్చిపెట్టిన పిల్లవాడు రాత్రి ఇంటి ముందుకు వచ్చి చలేస్తోందని అమ్మను పిలిచే ఘట్టం ఇందులో అన్నిటికంటే బాధాకరం. తల్లి తలుపు తీస్తుందని మనకు తెలుసు, తీయకూడదని ఆమెకూ తెలుసు. అక్కడ రంగు కాస్త వెనక్కి తగ్గి కథకు చోటిచ్చింది. మొదటి కథ ‘ది టెలిఫోన్’ మాత్రం ఒక గది, ఒక ఫోను, ఒక అందగత్తెతో మామూలుగా గడిచిపోతుంది. ఈ సంపుటి రెండో స్థానంలో ఆగిపోవడానికి కారణం అదే. అమెరికన్ ప్రతిలో ఈ కథను దెయ్యం కథగా మార్చేసి, మొత్తం క్రమాన్నీ మార్చి, ‘ఎ డ్రాప్ ఆఫ్ వాటర్’ను ముందుకు తెచ్చారు. పండును ముందు తినిపించి తొక్కను తర్వాత వడ్డించడం అది.

ఇటాలియన్ ప్రతి చివర ఒక చిలిపి పని ఉంది. గుర్రం మీద స్వారీ చేస్తూ కార్లాఫ్ ప్రేక్షకులకు వీడ్కోలు చెబుతుంటే కెమెరా వెనక్కి జరుగుతుంది. గుర్రం బొమ్మ అని, చెట్లు పరుగెడుతున్నట్టు కనిపించడానికి పనివాళ్లు కొమ్మలు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నారని తెలుస్తుంది. అంతసేపూ భయపెట్టి, ఎలా భయపెట్టారో విప్పి చూపించి నవ్వే దర్శకులు ఎందరున్నారు? అమెరికన్ ప్రతిలో దీన్ని తీసేశారు.

ప్రభావం ఒక్కటే కొలబద్ద అయితే మూడో స్థానంలోని ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ (1964) మొదటి స్థానంలో ఉండేది. ఇటలీలో మొండడోరి సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో వేసిన నేర నవలల కారణంగా ఆ తరహా కథలకు ‘జాలో’ (ఇటాలియన్‌లో పసుపు) అన్న పేరు స్థిరపడింది. బావా 1963లో తీసిన ‘ది గర్ల్ హూ న్యూ టూ మచ్’ను ఆ కోవలో తొలి సినిమాగా చాలామంది లెక్కిస్తారు. దానికి రూపురేఖలు ఖాయం చేసింది మాత్రం ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’. ముఖం లేని ముసుగు, నల్ల కోటు, నల్ల టోపీ, చేతికి తొడుగులు వేసుకున్న హంతకుడు. ఒక్కో హత్యకూ ఒక్కో అలంకరణ. తర్వాతి పదేళ్లు ఇటలీలో వచ్చిన హత్యల సినిమాలు ఈ సామగ్రినే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. తర్వాతి తరం ఇటాలియన్ దర్శకుడు దారియో అర్జెంటో 1977లో ‘సస్పీరియా’లో పోసిన ఎరుపు, నీలాల మూలాలు కూడా ఇక్కడే దొరుకుతాయి.

కథ రోమ్‌లోని ఒక ఫ్యాషన్ భవనంలో జరుగుతుంది. టైటిల్స్ వస్తున్నప్పుడు నటీనటులంతా బట్టల దుకాణం బొమ్మల పక్కన బొమ్మల్లాగే నిలబడి ఉంటారు. వచ్చే గంటన్నరలో వీళ్లను ఎలా చూడబోతున్నామో అక్కడే చెప్పేశారు. పురాతన వస్తువుల దుకాణంలో జరిగే హత్య ఈ సినిమాకు శిఖరం. బయటి బోర్డు వెలుగు ఆకుపచ్చగా, ఊదాగా కొట్టుకుంటుంటే ఆ యువతి కవచాల మధ్య, తెరల మధ్య దారి వెతుక్కుంటుంది. వెలుగు ఆరిన ప్రతిసారీ హంతకుడు ఒక అడుగు దగ్గరవుతాడు. కెమెరా అంత నున్నగా జారడానికి ఖరీదైన ట్రాలీ లేదు. చిన్నపిల్లలు ఆడుకునే బండి మీద కెమెరా పెట్టి లాగారు.

ఈ సినిమా మీద ఉన్న ఆరోపణను దాటవేయడం సరికాదు. ఇందులో చనిపోయేది వరుసగా స్త్రీలు, ఆ చావులను దుకాణం అద్దాల్లో పెట్టిన దుస్తుల్లా అందంగా వెలిగించి చూపించారు. ఫ్యాషన్ వ్యాపారం ఆడవాళ్లను వస్తువులుగా చూస్తుందన్న విమర్శ సినిమాలో ఉందని కొందరి వాదన. ఉంది, కానీ సగమే. మిగిలిన సగంలో సినిమా కూడా ఆ వ్యాపారంలో భాగస్వామే. బావా ఆ రెండింటి మధ్య ఎటూ తేల్చలేదు. పోలీసుల దర్యాప్తు సన్నివేశాలు కూడా నీరసంగా సాగి, రంగు తగ్గిన చోటల్లా సినిమా కునుకు తీస్తుంది. మూడో స్థానానికి ఈ రెండు కారణాలు చాలు.

ఇక ‘బ్లాక్ సండే’. రష్యన్ రచయిత గోగోల్ కథ ‘వియ్’ను ఆధారంగా చెప్పుకున్నా దానికీ దీనికీ పోలిక అంతంతమాత్రం. సినిమా మొదలవడమే ఒక దెబ్బతో: లోపలి వైపు మేకులున్న లోహపు ముసుగును మంత్రగత్తె ఆసా ముఖం మీద పెట్టి పెద్ద సుత్తితో కొడతారు. రెండు శతాబ్దాల తర్వాత ఆమె లేస్తుంది. మంత్రగత్తెగా, ఆమె పోలికలతోనే ఉన్న కాటియాగా రెండు పాత్రల్లోనూ బార్బరా స్టీల్ కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఈ సినిమాను 1968 దాకా ప్రదర్శించనివ్వలేదు. పొగమంచులో చప్పుడు లేకుండా, మందగతిలో పరుగెత్తే గుర్రపు బండి షాట్‌ను చూసినప్పుడు ఆ నిషేధం వెనక ఉన్న భయం అర్థమవుతుంది. ఛాయాగ్రహణం పరంగా ఇందులో వంక పెట్టడానికి చోటు లేదు. అయినా నాలుగో స్థానమే ఎందుకంటే, కోట, పొగమంచు, సాలెగూళ్లు, సొరంగం, కొవ్వొత్తి, ఇవన్నీ 1930ల హాలీవుడ్ దెయ్యాల సినిమాల నుంచి వచ్చిన ఆస్తి. బావా ఆ ఆస్తిని అందరికంటే బాగా అనుభవించారు. సొంతంగా సంపాదించింది తర్వాత.

అయిదో స్థానంలోని ‘లీసా అండ్ ది డెవిల్’ (1973)కు పట్టిన గతి చూస్తే జాలేస్తుంది. నిర్మాత ఆల్ఫ్రెడో లియోనె బావాకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చి, నచ్చినట్టు తీసుకోమన్నారు. స్పెయిన్‌లో, టోలెడో నేపథ్యంగా తీశారు. గుంపు నుంచి తప్పిపోయిన ఒక పర్యాటకురాలు ఒక భవనంలోకి చేరుతుంది. అక్కడి సేవకుడి ముఖం ఆమె ఉదయం గోడ మీద చూసిన సైతాను బొమ్మను పోలి ఉంటుంది. ఆ సేవకుడిగా టెలీ సవలాస్ నోట్లో లాలీపాప్ పెట్టుకుని, మనుషుల కొలతలకు బొమ్మలు చేస్తూ తిరుగుతాడు. ఎవరు బతికున్నారో, ఎవరు బొమ్మలో, ఇది ఏ కాలమో సినిమా చివరి వరకూ తేలదు. ఇక్కడ రంగులు అరవవు. పాత పట్టు బట్టల్లా వెలిసి, మసకబారి ఉంటాయి. 1973లో కాన్ చలనచిత్రోత్సవంలో చూపిస్తే కొనేవాళ్లు దొరకలేదు. ఆ ఏడాది చివర్లో ‘ది ఎక్సార్సిస్ట్’ వచ్చి కాసులు కురిపించింది. దాంతో ఈ సినిమాను కోసి, దెయ్యం వదిలించే పాదిరీ సన్నివేశాలు కొత్తగా తీసి అతికించి, 1975లో ‘ది హౌస్ ఆఫ్ ఎక్సార్సిజం’ పేరుతో వదిలారు. ఆ ప్రతి ఈ వరుసలో ఎక్కడా లేదు, ఉండాల్సిన పనీ లేదు.

తర్వాతి స్థానాలను ఇంత వివరంగా చెప్పనక్కరలేదు. ఆరోది ‘ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్’ (1965). గ్రహాంతర భూమిని చూపించడానికి తన దగ్గర ఉన్నవి రెండే ప్లాస్టిక్ బండరాళ్లని బావా చెప్పుకునేవారు. అద్దాలతో వాటిని పెంచి, పొగతో నింపి, రంగు దీపాలు పెట్టి ఒక గ్రహాన్నే నిలబెట్టారు. గోరంత దీపం కొండంత వెలుగు అన్న మాట ఈ సినిమాకు అక్షరాలా సరిపోతుంది. చనిపోయిన వ్యోమగాములు ప్లాస్టిక్ తొడుగులు చింపుకుంటూ సమాధుల్లోంచి లేచే దృశ్యం, శిథిల నౌకలో కనిపించే భారీ అస్థిపంజరం మరిచిపోలేనివి. ఆ రెండో దానికీ 1979 నాటి ‘ఏలియన్’లోని దృశ్యానికీ ఉన్న పోలికను విమర్శకులు ఎన్నోసార్లు ఎత్తిచూపారు. మనుషులు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మాత్రం విసుగు. ఏడోది ‘ది విప్ అండ్ ది బాడీ’ (1963). క్రిస్టఫర్ లీ చెయ్యి ఆకుపచ్చ వెలుగులో తెర మీదికి చాచుకుంటూ వచ్చే ఒక్క షాట్ కోసం ఎన్నిసార్లయినా చూడవచ్చు. మిగతాది ఒకే రాగం మీద సాగదీసిన పాట.

ఎనిమిదో స్థానంలో ఉన్న ‘డేంజర్: డయాబాలిక్’ (1968) అభిమానులకు కోపం రావచ్చు. అంజెలా, లూచానా జుస్సానీ అక్కాచెల్లెళ్ల కామిక్ పుస్తకాల దొంగను తెర మీదికి తెచ్చిన సినిమా. నిర్మాత డీనో డె లారెంటిస్ 30 లక్షల డాలర్లు సిద్ధం చేస్తే బావా దాదాపు 4 లక్షలతో ముగించారని చెప్పుకుంటారు. దొంగ భూగర్భ స్థావరంలో చాలా భాగం కెమెరా ముందు పెట్టిన బొమ్మలూ, నమూనాలే. నోట్ల గుట్టల మధ్య ప్రేమికులు దొర్లే దృశ్యం ఆ దశాబ్దపు సినిమా బొమ్మల్లో ఒకటిగా నిలిచిపోయింది. సరదా సినిమా, సందేహం లేదు. కానీ కొలబద్ద వదిలిపెట్టదు: ఇందులో రంగును తీసేసినా ఎన్నియో మొరికోన్ సంగీతం మీద సినిమా హాయిగా నడిచిపోతుంది.

తొమ్మిదోది ‘ఎ బే ఆఫ్ బ్లడ్’ (1971). ఒక సరస్సు ఒడ్డు ఆస్తి కోసం పదమూడు హత్యలు. 1980లలో అమెరికాను ముంచెత్తిన హత్యల సినిమాలకు ఇది ముందుమాట. ‘ఫ్రైడే ది థర్టీంత్’ రెండో భాగంలోని రెండు హత్యలు ఇందులోంచి దాదాపు యథాతథంగా దిగినట్టు ఉంటాయి. చరిత్రలో దాని చోటు పెద్దది. చెట్లు తక్కువగా ఉన్న చోట లెన్స్ ముందు కొమ్మలు ఊపి అడవిని సృష్టించారన్న ముచ్చట కూడా ఉంది. కానీ బలం హత్యల వరుసలోనూ, అత్యాశ మీద విసిరిన నల్ల హాస్యంలోనూ ఉంది, వెలుగులో కాదు. పదో స్థానానికి చివరి సినిమా ‘షాక్’ (1977)ను తీసుకోవచ్చు. కొడుకు తల్లి వైపు పరుగెత్తుకొచ్చి, ఫ్రేము కిందికి వంగి మాయమై, అదే క్షణంలో చనిపోయిన భర్తగా పైకి లేచే షాట్ ఒక్కటే దానికి అర్హత. కోత లేదు, ప్రత్యేక యంత్రం లేదు. చూసినవాళ్లు కుర్చీలోంచి లేవక మానరు.

పోతే, ఈ కొలబద్దను విరగ్గొట్టే సినిమా ఒకటి ఉంది. 1974లో తీసిన ‘రాబిడ్ డాగ్స్’. దోపిడీ చేసి పారిపోతున్న ముగ్గురు, వాళ్లు పట్టుకున్న ఒక యువతి, జబ్బు పిల్లవాడిని ఆస్పత్రికి తీసుకెళ్తున్న ఒక మనిషి, అందరూ ఒకే కారులో. దాదాపు సినిమా మొత్తం ఆ కారులోనే, మండుటెండలో, చెమటలు కక్కుతూ నడుస్తుంది. జెలటిన్ కాగితాలు లేవు, పొగ లేదు, కోట లేదు. అరవై ఏళ్ల దర్శకుడు తనకు పేరు తెచ్చిన పనిముట్లన్నీ పక్కన పెట్టేసి తీసిన సినిమా ఇది. కొలబద్ద ప్రకారం అట్టడుగున ఉండాలి. కానీ బిగువులో దీనికి సాటి వచ్చేది బావా సినిమాల్లో మరొకటి లేదు. చివరి నిమిషంలో కథ తిరిగే తీరు ముందు చూసినదంతా మళ్లీ తిరగేసి చూసుకునేలా చేస్తుంది. వేరే దారిలో వెళ్లి ఉంటే ఎలాంటి దర్శకుడయ్యేవారో చెప్పడానికి ఈ ఒక్క సాక్ష్యమే మిగిలింది.

దీనికి అంకె వేయకపోవడానికి కారణం అది ఒక్కటే కాదు. నిర్మాత దివాలా తీయడంతో ఫిల్మును స్వాధీనం చేసుకున్నారు. బావా 1980లో చనిపోయారు. సినిమా 1998లో, యువతి పాత్ర వేసిన లేయా లాండర్ చొరవతో బయటికి వచ్చింది. తర్వాత ‘లీసా అండ్ ది డెవిల్’ నిర్మాత లియోనె, బావా కుమారుడు లాంబెర్టో కలిసి కొత్త దృశ్యాలు తీసి చేర్చి, ‘కిడ్నాప్డ్’ పేరుతో మరో ప్రతి తెచ్చారు. బావా సంతకం పూర్తిగా ఏ ప్రతి మీదా లేదు. రెంటిలో ఒకటే చూడాలనుకుంటే 1998 నాటిది చూడడం మేలు. కారు దిగి బయటి ప్రపంచాన్ని చూపించే కొత్త దృశ్యాలు ఆ ఉక్కపోతను పాడుచేశాయి.